రెండు పేర్ల పొర

బూడిదమ్మ అన్న పేరు ఆమెకు భూగర్భ సర్వే ఆఫీసు జీపు డ్రైవరు పెట్టాడు. ఆరేళ్ళపాటు ఆమెను ఎక్కించుకుని వాగుల వెంటా గుట్టల వెంటా బండి తిప్పాడతను. ఆపమన్నచోటల్లా ఆపేవాడు. ఆమె దిగి, సుత్తితో రాతిని కొట్టి, ముక్కను ఎండకు పట్టి చూసి, "ఇది కాదు, పదండి" అనేది. చివరికి ఒకరోజు ఉండబట్టలేక, "ఇంతకీ ఏం పారేసుకున్నారమ్మా ఇక్కడ?" అని అడిగాడు. "బూడిద" అంది ఆమె. సాయంత్రానికల్లా ఆ పేరు ఆఫీసంతా పాకింది. ఆమెకు కోపం రాలేదు. వెతుకుతున్నది నిజంగా బూడిద కోసమే మరి.

కోట్ల ఏళ్ళ కిందట ఎక్కడో ఒక అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి, ఆ వాగుల చోట అప్పుడున్న లోతులేని సముద్రంలో పడి, అడుగు బురద మీద పరుచుకుంది. కాలక్రమాన బురద గట్టిపడి షేలు రాయి అయింది. బూడిద దాని మధ్యలో మూడు వేళ్ళ మందాన తెల్లటి చారగా మిగిలిపోయింది. ఆ చారలో కంటికి ఆనని జిర్కాన్ పలుకులుంటాయి. అవి పుట్టిననాటినుంచీ గడియారాల్లా నడుస్తూనే ఉంటాయి. చదివే యంత్రం ఉండాలే గాని, రాయి వయసు ఇట్టే చెప్పేస్తాయి.

ఆమె తిరిగేది పళ్ళెంలా కుంగిన నేల. బేసిన్ అంటారు దాన్ని. అందులో ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరల్లో ఎముకలూ శంఖాలూ ఏమీ దొరకవు, అవి జంతువులు పుట్టకముందటి రాళ్ళు. అందుకని వాటి వయసు ఇన్నాళ్ళూ అంచనా మీదే చెప్పుకుంటూ వచ్చారు. ఆ అంచనాలు వేసినాయన, ఆ పొరలన్నిటికీ పేర్లు పెట్టినాయన, ఆమెకు స్వయానా మామగారు.

ఆఫీసులో ఆయన్ని పెద్దాయన అనేవారు. రిటైరై ఇరవై ఏళ్ళు దాటినా మెట్ల పక్క గోడ మీంచి ఆయన గీసిన మ్యాపును ఎవరూ దించలేదు. రాతి పొరకు మనుషుల పేరు పెట్టకూడదు, అది బాగా కనబడే చోటు పేరే పెట్టాలి. ఆ బేసిన్‌లో కింద ఇసుకరాయి, దాని మీద షేలు, ఆ పైన మళ్ళీ ఇసుకరాయి, మళ్ళీ షేలు ఉన్నాయి. కింది షేలు ఒక గుట్ట పక్కన చక్కగా బయటపడి ఉంటుంది కాబట్టి దానికి గుట్ట పేరు పెట్టాడు. పై షేలు ఒక వాగు ఒడ్డున కనిపిస్తుంది కాబట్టి దానికి వాగు పేరు పెట్టాడు. ఆఫీసులో పొట్టిగా గుట్ట షేలు, వాగు షేలు అనేవారు. రెంటికీ మధ్య ముప్ఫై కోట్ల ఏళ్ళ తేడా ఉందని ఆయన తేల్చాడు. ఇంత పొడుగు చరిత్ర ఒక్కచోట తెగకుండా దొరికే నేల ఇంకోటి లేదని ఎక్కడెక్కడినుంచో చూడటానికి వచ్చేవారు. ఆయన్ని పెద్దాయన్ని చేసింది ఆ ముప్ఫై కోట్ల ఏళ్ళే.

"నాకు ముగ్గురు సంతానం" అనేవాడు ఇంటికొచ్చినవాళ్ళతో. "ఒకడు పళ్ళ డాక్టరు. మిగతా ఇద్దరూ షేలు."

పళ్ళ డాక్టరు కూడా అందరితోపాటు నవ్వేవాడు. అతన్నే ఆమె చేసుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఫీల్డు పాఠాలు చెప్పడానికి పెద్దాయన రిటైరయ్యాక కూడా వస్తుండేవాడు. ఆ పాఠాలకు వెళ్ళి, ఆయన వెంట ఎండలో తిరిగి, ఆయన ఇంటికి రాళ్ళు మోసుకెళ్ళి, చివరికి ఆ ఇంటి కోడలైంది. రాతిని చూడటం ఎలాగో ఆమెకు నేర్పింది ఆయనే. "ముందు కంటితో చూడు. పుస్తకం తరవాత" అనేవాడు.

బూడిద చార చివరికి రెండు షేళ్ళలోనూ దొరికింది. గుట్ట దగ్గరినుంచి ఒక సంచీ, వాగు దగ్గరినుంచి ఒక సంచీ నింపి, వయసు కొలిచే లాబ్‌కు పంపింది. ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. గుట్ట షేలు బూడిద వయసు నూట నలభై రెండు కోట్ల ఏళ్ళు, ముప్ఫై లక్షలు అటూ ఇటూ. వాగు షేలు బూడిద వయసు కూడా నూట నలభై రెండు కోట్ల ఏళ్ళే, ముప్ఫై లక్షలు అటూ ఇటూ.

ఆమె ఆ రెండు వరసలూ నాలుగైదుసార్లు చదివింది. సంచులు తారుమారయ్యాయేమోనని తన నోటు పుస్తకం తీసి చూసింది. కాలేదు. అప్పుడు వెనక్కి వాలి కూర్చుంటే, ఇరవై ఏళ్ళుగా తిరిగిన నేలంతా ఒక్కసారి సర్దుకుని కళ్ళ ముందు నిలబడింది. భూమి ఎప్పుడో పక్కనుంచి వచ్చిన ఒత్తిడికి విరిగింది. విరిగిన రాతి చెక్క జరుగుతూ వచ్చి తన మీద తానే ఎక్కి కూర్చుంది. అందుకే ఇసుకరాయి, షేలు, ఇసుకరాయి, షేలు. ఉన్నవి నాలుగు పొరలు కావు, రెండే. వాగు షేలు అంటూ ఒకటి అసలు లేదు.

పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషం మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసేదాకా ఉంది. డబ్బా సర్ది పెట్టింది మామగారు. పొద్దున్నే ఆమెకు ఆలస్యమవుతోందని అన్నం ఆయనే పెట్టి, చెంచా మరిచిపోకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి పెద్దాయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, భూతద్దం పెట్టి తన పాత పుస్తకంలోనే అచ్చుతప్పులు దిద్దుకుంటున్నాడు. పుస్తకం వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఇంకో ముద్రణ వస్తుందని ఎవరూ చెప్పలేదు.

"ఏమ్మాయ్, నీ బూడిద ఏమంటోంది?"

"ఇంకా రాలేదు మామయ్యగారూ."

అంత సులువుగా అబద్ధం చెప్పగలనని ఆమె అనుకోలేదు.

"లాబ్‌వాళ్ళు నత్తలమ్మా. నా రోజుల్లోనూ అంతే" అని ఆయన మళ్ళీ భూతద్దంలోకి వంగాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళకుండా ముందు మొగుడి క్లినిక్కుకు వెళ్ళింది. ఇంకా పేషెంట్లు రాలేదు. కూర్చోవడానికి వేరే కుర్చీ లేక, పళ్ళు పీకించుకునే కుర్చీలోనే కూర్చుని చెప్పుకొచ్చింది. పళ్ళ డాక్టరు పనిముట్లు వరసగా పళ్ళెంలో పెట్టుకుంటూ విన్నాడు.

"అయితే నాన్న చెప్పింది తప్పన్నమాట."

"అప్పుడు కొలిచే యంత్రాలు లేవు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చెప్పేవాళ్ళు."

"అది నాకు చెప్తే ఏం లాభం? ఆయనకి చెప్పి చూడు." అతను చేతులు తుడుచుకున్నాడు. "ఎనభై రెండేళ్ళు. గుండెకి రెండు స్టెంట్లు. పొద్దున లేస్తే ఆ పుస్తకమే లోకం. ఇప్పుడు పోయి, నీ పిల్లల్లో ఒకడు అసలు పుట్టనే లేదని చెప్తావా?"

"మరేం చెయ్యమంటావు?"

"ఆగు."

"ఎన్నాళ్ళు?"

"రాయి ఎక్కడికన్నా లేచిపోతుందా? నూట నలభై కోట్ల ఏళ్ళు ఆగింది. ఇంకో రెండేళ్ళు ఆగలేదా?"

ఇద్దరూ నవ్వారు. రెండేళ్ళు అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. నిజానికి ఆగమని ఎవరో ఒకరు అంటే బాగుండునన్న ఆశతోనే ఆమె అక్కడికి వెళ్ళింది. మామగారి గుండె గురించి భయం ఉన్నమాట నిజమే. కాని ఆయన ముఖం చూస్తూ ఆ అంకెలు చెప్పాల్సిరావడమంటే అంతకన్నా భయం.

కొన్నాళ్ళు పెద్దాయన అడుగుతూనే ఉన్నాడు. ఒకరోజు ఆమె, "పలుకులు సరిగ్గా లేవట మామయ్యగారూ, లెక్క తేలలేదట" అంది.

"నేననుకుంటూనే ఉన్నా" అన్నాడాయన. ముఖం వికసించింది. "వాగు షేలు పై పొర కదా. వాననీళ్ళు దిగి పాడయ్యుంటుంది. పోనీలే, దిగులు పడకు."

ఆ రాత్రి భోజనంలో ఆమెకు దగ్గరుండి వడ్డించాడు.

రెండేళ్ళు గడిచాయి. పెద్దాయన నిక్షేపంలా ఉన్నాడు. పొద్దున్నా సాయంత్రం వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. జలుబు చేస్తే వారంలో తగ్గిపోయేది. ఆయన దగ్గినప్పుడు ఆలుమగలు ఒకరినొకరు చూసుకోవడం మానేశారు. చూసుకుంటే ఏం కనిపిస్తుందో ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడే బేసిన్ మ్యాపు కొత్తగా అచ్చువేయాలని పైనుంచి ఉత్తర్వొచ్చింది. ఆ పని చూసే విభాగానికి ఆమే అధికారి. రంగుల జాబితాలో గుట్ట షేలుకు ముదురాకుపచ్చ, వాగు షేలుకు లేతాకుపచ్చ వేసి ప్రూఫు తెచ్చి బల్ల మీద పరిచారు. ఒక మూల చిన్న అక్షరాల్లో, ఈ రెండు షేళ్ళ వయసు మీద పరిశీలన జరుగుతోందని ఒక ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే మామగారు భూతద్దం పెట్టి చదువుతాడు. ఆమె ఏమీ రాయకుండా కింద సంతకం చేసింది. అచ్చయిన మ్యాపు మొదటి కాపీ ఇంటికి తీసుకెళ్తే, పెద్దాయన దాన్ని మంచం మీద పరిపించుకుని, లేతాకుపచ్చ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

ఆ తరవాత ఏడాదికి బోరు మేస్త్రీ వచ్చాడు.

గుట్టకు అవతల ఒక చిన్న పట్నం ఉంది. అక్కడి నీళ్ళ శాఖవాళ్ళు కొత్త మ్యాపు చూసి, వాగు షేలు కింద రెండువందల మీటర్ల లోపు నీళ్ళున్న ఇసుకరాయి తగులుతుందని లెక్కకట్టి, లోతు బోరు వేయడానికి ఇతన్ని పిలిచారు. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు జారిపోకుండా దారం కట్టుకున్నాడు. బోరులోంచి తీసిన రాతి కడ్డీలను పొడుగాటి చెక్కపెట్టెల్లో పేర్చి, లారీలో వేసుకుని ఆఫీసు వెనకాల దింపించాడు.

"ఇదిగో అమ్మా, నూట తొంభై దాకా షేలు. మ్యాపులో ఉన్నట్టే. ఇక్కణ్ణుంచి ఇసుకరాయి రావాలి కదా, రాలేదు. నాలుగు మీటర్లు ఉత్త పిండి, రోట్లో నూరినట్టు. దాని కింద మళ్ళీ షేలు. మూడువందల అరవై దాకా పోయాను. షేలే."

"అది గుట్ట షేలు అయ్యుంటుంది."

"మరి మధ్యలో ఇసుకరాయి ఏదీ?"

"అక్కడ పలచబడిపోయి ఉండొచ్చు."

మేస్త్రీ పై పెట్టెలోంచి ఒక కడ్డీ, కింది పెట్టెలోంచి ఒక కడ్డీ తీసి, సీసాలో నీళ్ళు వాటి మీద పోసి, పక్కపక్కన పెట్టాడు. తడికి రెంటిలోనూ తెల్లటి చార తేలింది. మూడు వేళ్ళ మందం.

"ఇవి కవలలనుకున్నానమ్మా ముందు. కవలలు కూడా కాదు. ఒక్కటే. విరిగి తన మీద తానే ఎక్కింది. ఆ పిండి, ఎక్కినప్పుడు నలిగింది."

ఆరేళ్ళు వెతికి, ఎనిమిది నెలలు ఎదురుచూసి ఆమె తెలుసుకున్నది అతను సీసాడు నీళ్ళతో తేల్చేశాడు.

"ఇది నేను ఇవాళ అంటున్న మాట కాదు" అన్నాడు మేస్త్రీ. "నలభై రెండేళ్ళ కిందట పెద్దాయన వెంట సుత్తీ సంచీ మోసేవాణ్ణి. నాకప్పుడే పెళ్ళయింది. వాగు ఒడ్డున ఆయన రాయి కొట్టి చేతికిస్తే, 'అయ్యా, ఇది మొన్న గుట్ట దగ్గర కొట్టిందే కదా' అన్నాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు పొద్దున సంచీ ఇంకొకడి భుజాన ఉంది. నన్ను క్యాంపులో గిన్నెలు తోమడానికి పెట్టారు. నెల చూసి బోర్లలోకి వచ్చేశాను." కడ్డీలను చేత్తో తుడిచాడు. "ఎందుకు చెప్తున్నానంటే, చదువుకున్నవాళ్ళు మీరు. నా మాటలో తప్పుంటే చెప్పండి. ఇంకెప్పుడూ ఎత్తను. లేదంటే చెప్పండి, మిషను అక్కడే ఉంది, చోటు మార్చుకుంటాం."

"మేస్త్రీగారూ, బూడిద చాలాసార్లు పడుతుంది. చారలన్నీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. ఇవి వేరు వేరు షేళ్ళే. ఇంకాస్త లోతుకి పోతే ఇసుకరాయి తగలొచ్చు."

అతను అవసరమైనదానికన్నా ఇంకొంచెంసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

"మీరన్నాక ఇంకేముందమ్మా" అని, కడ్డీలను తిరిగి ఏ గాడిలోవి ఆ గాడిలో పెట్టాడు. పెట్టెలు ఇక్కడే ఉంచండి, తీరిగ్గా చూస్తామని ఆమె అంటే, "వద్దులెండి, మీకే చోటు చాలట్లేదు" అని మళ్ళీ లారీ ఎక్కించుకున్నాడు. లారీ గేటు దాటాక ఆమెకు ఊపిరాడింది. అలా ఊపిరాడినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

మరుసటి ఏడు ఒక పత్రికలో వ్యాసం వచ్చింది. రాసినవాళ్ళు ఇద్దరు, వేరే సంస్థవాళ్ళు. ఈ బేసిన్‌కు కొత్త. వాగు దగ్గరా గుట్ట దగ్గరా బూడిద తీసి కొలిపించారు. గుట్ట అవతలి పట్నంలో వేసిన బోరు పెట్టెల్లోని నలిగిన పిండిని చూపించి, భూమి విరిగి ఒకే షేలు రెండుసార్లు వచ్చిందని, వాగు షేలు అన్న పేరు రద్దుచేయాలని రాశారు. "ఇటీవలి మ్యాపు కూడా ఈ పొరపాటునే కొనసాగించింది" అని ఒక వాక్యం ఉంది. పక్కన ఆమె పేరు. చివర కృతజ్ఞతల్లో బోరు మేస్త్రీ పేరు ఇంటిపేరుతో సహా ఉంది. అతని అసలు పేరేమిటో ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆయన ఇంకొకరి నోట వినేదానికన్నా తానే చెప్పడం నయమనుకుంది. ఆదివారం పొద్దున టీ తాగడం అయ్యాక, వ్యాసం కాగితాలు పట్టుకుని మామగారి ఎదురుగా కూర్చుంది. పళ్ళ డాక్టరు పేపరు మడిచి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మొదటి పేజీ చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎంతన్నావు?"

"నూట నలభై రెండు కోట్లు."

"రెండూనా?"

"రెండూను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నీ బూడిద మాటేమిటి?"

ఇంకో అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేదు. "వచ్చింది."

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

"ఎంతొచ్చింది?"

"ఇంతే."

పెద్దాయన తల తిప్పి కొడుకును చూశాడు. "నీకు తెలుసా?"

"నాన్నా, నీ గుండె సంగతి చూసి..."

"నేను అడిగింది అది కాదు."

"తెలుసు."

"అంటే నేను పోయేదాకా ఆగుదామనుకున్నారు." గొంతు పెంచలేదాయన. "ప్రతి ఏడూ అనుకుని ఉంటారు, ఈ ఏడు పోతాడులే అని. పోలేదు. పాపం, ఎంత ఇబ్బంది పడ్డారో."

"అలా కాదు మామయ్యగారూ."

"మరెలా?"

ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

"నన్ను కొట్టాలంటే ఇంట్లోవాళ్ళు కొట్టాలమ్మా. నేను నేర్పిన చేత్తో నువ్వు కొట్టుంటే, దెబ్బ తిన్నానని కూడా అనుకునేవాణ్ణి కాదు. నలుగురికీ నేనే చెప్పుకునేవాణ్ణి, మా కోడలు నన్ను మించిందని. పరాయివాళ్ళ చేత కొట్టించావు."

ఆ మాటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒళ్ళంతా మండింది.

"చెప్పినవాళ్ళని మీరేం చేశారు?" అంది.

"ఎవర్ని?"

"మీ సుత్తి మోసినాయన్ని. వాగు ఒడ్డున. ఇది గుట్ట దగ్గర కొట్టిందే కదా అన్నందుకు గిన్నెలు తోమించారు."

ఆయన మరిచిపోయి ఉంటాడనుకుంది. మరిచిపోలేదు. కళ్ళజోడు కోసం బల్ల మీద తడుముకుంటున్న చెయ్యి ఆగింది.

"వాడా" అన్నాడు. "వాడికేం తెలుసు? కంటికి ఒకలా కనిపించాయి, అన్నాడు. అదొక శాస్త్రమా?"

"కంటితో చూడ్డమే కదా మామయ్యగారూ మీరు నాకు నేర్పింది."

పెద్దాయన బల్ల అంచు పట్టుకుని లేచాడు. కొడుకు సాయానికి రాబోతే వద్దని చెయ్యి ఊపి, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆ రోజునుంచి కోడలితో నేరుగా మాట్లాడలేదు. ఏదన్నా కావాలంటే ఆమె ఎదురుగా ఉన్నా సరే, "దాన్ని అడుగు" అని కొడుకుతో అనేవాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా ఆమే సర్దుకునేది.

మూడు నెలలకు పేర్ల కమిటీ కూర్చుంది. పొరలకు పేర్లు ఉంచాలన్నా తీసెయ్యాలన్నా ఆ కమిటీదే చివరి మాట. పొడుగాటి గదిలో పొడుగాటి బల్ల, వరసగా నీళ్ళ సీసాలు, గోడ మీద ప్రొజెక్టరు వేస్తున్న, సగం మాత్రమే వెలిగే బొమ్మ. ఆమె తన విభాగం తరఫున వెళ్ళి ఒక మూల కూర్చుంది. సమావేశం మొదలవబోతుండగా తలుపు తెరుచుకుని, కొడుకు భుజం పట్టుకుని పెద్దాయన వచ్చాడు. ఆయన వస్తున్నట్టు ఆమెకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అందరూ లేచి నిలబడ్డారు.

ఆయన కూర్చోలేదు. బల్ల మీద చేతులు ఆన్చి, "వాగు షేలుకు పేరు పెట్టింది నేను. ఆ పేరు తీసెయ్యమని ప్రతిపాదిస్తున్నదీ నేనే. సైన్సులో ఇందుకు సిగ్గుపడాల్సిందేం లేదు" అన్నాడు. "నా కాలంలో యంత్రాలు లేవు. అవి ఉన్న కాలంవాళ్ళు కాస్త ధైర్యం చేసుంటే ఈ పని ఎప్పుడో అయిపోయేది. ఎవరినీ అనడం లేదు. ముసలివాణ్ణి, నా మీద జాలి పడి ఉంటారు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. వ్యాసం రాసిన ఇద్దరూ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. గోడ మీద సగం వెలిగే బొమ్మలో కొత్త మ్యాపు, కింద ఆమె సంతకం అలాగే ఉన్నాయి. అందరూ ఒకసారి దానివంకా ఒకసారి ఆమెవంకా చూశారు.

ఆమె లేచింది. "ఇది మొదట గమనించింది నలభై మూడేళ్ళ కిందట పెద్దాయన దగ్గర పనిచేసిన..."

"అవన్నీ మినిట్స్‌లోకి రావండీ" అన్నాడు అధ్యక్షుడు మర్యాదగానే. "మనకు టైము తక్కువ."

మర్నాటి పేపర్లో పెద్దాయన ఫొటో వచ్చింది. తను నిలబెట్టినదాన్ని తనే పడగొట్టుకున్న పెద్దమనసు గురించి నాలుగు కాలాలు రాశారు. ఆయన దాన్ని భూతద్దంతో రెండుసార్లు చదివి, కొడుకు చేత కత్తిరింపించి పుస్తకంలో పెట్టించుకున్నాడు. వారం రోజులపాటు ఇంటికి వచ్చేపోయేవాళ్ళు. ఆమె టీలు పెట్టింది.

ఆ వారం చివర ఆమె పత్రికకు ఉత్తరం రాసింది. తన దగ్గర అవే అంకెలు నాలుగేళ్ళ ముందునుంచీ ఉన్నాయని, తెలిసే మ్యాపు మీద సంతకం చేశానని, రెండు షేళ్ళూ ఒకటేనని అందరికన్నా ముందు చూసినవాడు ఫలానా బోరు మేస్త్రీ అని, ఆయన మాట ఎవరూ వినలేదని రాసింది.

"ఇప్పుడెందుకిది?" అన్నాడు పళ్ళ డాక్టరు. "అయిపోయింది కదా. ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"నాలుగేళ్ళు ఆగినదానివి, ఇంకొన్నాళ్ళు ఆగితే అందరూ మరిచిపోతారు."

"ఆగమంటే ఆగాను కదా ఒకసారి" అంది.

ఉత్తరం పత్రికలో చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో వచ్చింది. దాన్ని ఎవరు చదివారో చదవలేదో గాని, ఆఫీసు మాత్రం చదివింది. తెలిసి తప్పుడు మ్యాపు విడుదల చేసినందుకు సంజాయిషీ అడిగారు. ఉత్తరంలో ఉన్నదే మళ్ళీ రాసిచ్చింది. మ్యాపుల విభాగంనుంచి తీసి రాళ్ళ గోడౌనుకు వేశారు. పెట్టెల మీద నంబర్లు వెలిసిపోతే మళ్ళీ రాయించడం, చెదలు చూసుకోవడం అక్కడి పని. జీపు డ్రైవరు ఎదురుపడితే ఇప్పుడు "మేడం" అని పక్కకు తప్పుకుంటున్నాడు.

పత్రిక చేతికొచ్చిన నెలకు ఆమె బోరు మేస్త్రీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఊరి చివర రెండు గదుల ఇల్లు. వసారా నిండా తుప్పుపట్టిన పైపులూ విప్పిన మోటార్లూ ఉన్నాయి. మేస్త్రీ చేతులకున్న గ్రీజు గుడ్డకు తుడుచుకుని కుర్చీ వేశాడు. అతని భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆమె తను రాసిన ఉత్తరం మొత్తం చదివి వినిపించింది. అతను మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"నా పేరు రాశారన్నమాట."

"రాశాను. అందరికన్నా ముందు చూసింది మీరేనని."

"మంచిదమ్మా" అన్నాడు. "ఆ పట్నంవాళ్ళ బోరు సంగతి రాశారా?"

ఆమె కాగితంవంక చూసుకుంది. "లేదు."

"నేను పెట్టెలు తెచ్చిన రోజుకి మీకు ఇదంతా తెలుసు కదా."

"తెలుసు."

"ఆ రోజే చెప్పుంటే అరకిలోమీటరు ఇవతలికి జరిగేవాళ్ళం. మిషను అక్కడే ఉంది. పది రోజుల పని. మీరు ఇంకాస్త లోతుకి పొమ్మన్నారని పోయాను. నాలుగువందల ముప్ఫై దగ్గర రాడ్డు విరిగి లోపల ఉండిపోయింది. మూతేసి వచ్చేశాం. రెండు ఎండాకాలాలు ట్యాంకర్లు తిరిగాయి అక్కడ. ఆడవాళ్ళు బిందెలతో కొట్టుకున్నారు. ఒకావిడకి చెయ్యి విరిగింది."

"నాకు తెలీదు" అంది ఆమె, ఆ మాట ఎంత పనికిమాలినదో వినపడుతూనే ఉంది.

"మీకెలా తెలుస్తుంది? అది మ్యాపులో రాదు కదా." అతను గ్రీజు గుడ్డను మడతపెట్టాడు. "పెద్దాయన మీద నాకు చాలా ఏళ్ళు కోపముండేదమ్మా. ఆయన నిజంగానే తెలియక అన్నాడు. మీరు తెలిసి అన్నారు. మీ మీద ఏముండాలో నాకు తెలియట్లేదు."

ఆమె ఇసుకరాయి నిండుగా ఉండే చోటు తనకు తెలుసని, వచ్చి గుర్తు పెట్టిస్తానని, నీళ్ళ శాఖవాళ్ళతో తనే మాట్లాడతానని చెప్పింది.

"ఆ వ్యాసం రాసినవాళ్ళే పెట్టి వెళ్ళారు. పోయిన నెలలో వేశాను. నూట డెబ్భైకే పడ్డాయి. మంచి నీళ్ళు."

"ఎక్కడ?"

అతను చెప్పాడు. ఆమె అనుకున్న చోటే అది.

ఆమె లేచి, ఉత్తరం ఉన్న పత్రికను అతనికి ఇవ్వబోయింది. మేస్త్రీ చేతులు చూపించాడు. "గ్రీజు అంటుతుందమ్మా. మీ దగ్గరే ఉండనివ్వండి." వీధి మలుపు దాకా వచ్చి, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి, మోటారు పని సగంలో ఉందని వెనక్కి వెళ్ళిపోయాడు.